ప్రొపెల్లర్ వెనకాల ఒక్కసారి రెక్క పెట్టండి

అందరికీ నమస్కారం. నా పదవీ విరమణ సందర్భంగా పెట్టిన ఈ సభకు అధ్యక్షత వహిస్తున్న మన సంస్థ డైరెక్టరు గారికి, ముఖ్య అతిథిగా వచ్చి ఇప్పటిదాకా నాలుగు ఉపన్యాసాలు కళ్ళు మూసుకుని మరీ శ్రద్ధగా విన్న విమానాల కంపెనీ ఛైర్మన్ గారికి, (నవ్వులు) డైరెక్టరు గారికీ తనకూ మధ్య రెండు కుర్చీలు ఖాళీగా వదిలి వేదిక ఆ చివర కూర్చున్న ప్రొపెల్లర్ విభాగం పెద్దాయనకు, ఎదురుగా ఉన్న పెద్దలకు, మిత్రులకు, టిఫిను ఎప్పుడు పెడతారా అని తలుపు వైపు చూస్తున్న నా తోటి ఉద్యోగులకు, రెండో వరసలో కూర్చుని నేను నోరు తెరవకముందే 'ఇక చాలు, దిగు' అని చేత్తో సైగ చేస్తున్న మా ఆయనకు, ఆయన పక్కనున్న మా అమ్మాయికి, పేరుపేరునా నమస్కారాలు.

మా ఆయన పళ్ళ డాక్టరు. ఎదుటివాళ్ళ నోరు తెరిపించడమే ఆయన వృత్తి, పెళ్ళాం నోరు మూయించడం మాత్రం ఆయన చదువుకోలేదు. పొద్దున బయలుదేరేటప్పుడు కూడా చెప్పారు. "నాలుగు మంచి మాటలు చెప్పు, దణ్ణం పెట్టు, దిగిరా. ఇన్నేళ్ళూ కడుపులో పెట్టుకున్నదంతా ఇవాళే కక్కెయ్యకు, టిఫిను చల్లారిపోతుంది" అన్నారు. సరేనన్నాను. కానీ ఏం చెయ్యను చెప్పండి, ఉన్న మంచి మాటలన్నీ నాకంటే ముందు మాట్లాడినవాళ్ళే వాడేశారు. నాకు మిగిలింది అడుగున ఉన్నదే.

ఇందాక డైరెక్టరు గారు నన్ను ఈ సంస్థకు వెన్నెముక అన్నారు. ఎవరి గురించా అని నేను వెనక్కి తిరిగి చూశాను కూడా. నిజంగా వెన్నెముకనే అయితే పదేళ్ళుగా నా బల్లని మెట్ల కింద గదిలో, విరిగిన కుర్చీలకీ పాత ఫ్యాన్లకీ తోడుగా ఎందుకు వేయించారో వారికే తెలియాలి. అక్కడ తల ఎత్తితే మెట్లు తగులుతాయి. తల వంచుకుని పనిచేసే మనిషి అని కూడా ఇందాక పొగిడారు, దానికి కారణం అదే. (నవ్వులు) గుడ్లగూబ చప్పుడు చెయ్యకుండా ఎగురుతుంది కాబట్టి దాని రెక్కని చూసి నేను ప్రేరణ పొందానని చెప్పారు, చాలా అందంగా చెప్పారు. అయ్యా, నేను గుడ్లగూబని దగ్గరనుంచి చూసిన పాపాన పోలేదు. సమీక్షా సమావేశాల్లో తమరు నా వైపు చూసే చూపు తప్ప.

(నవ్వులు, చప్పట్లు)

ఉండండి, ఉండండి. ఇంకా కృతజ్ఞతలు అవలేదు. ఈ జ్ఞాపిక ఇచ్చినందుకు సంస్థకు ధన్యవాదాలు. కింద ఉన్నవాళ్ళకి కనపడదేమో, ఇది గాజుతో చేసిన చిన్న విమానం రెక్క. తళతళ మెరుస్తోంది, ముందంచు నున్నగా, గీసిన గీతలా ఉంది. ముందంచు నున్నగా ఉంటే చప్పుడు ఎక్కువ, అలలు అలలుగా ఉంటే తక్కువ అని పన్నెండేళ్ళు అరిచి గీపెట్టిన మనిషికి, నున్నటి అంచున్న రెక్కని బహుమతిగా ఎంచుకున్నారంటే, దాన్ని ఎంచిన కమిటీ తెలివికి జోహార్లు. తాగుడు మాన్పించే డాక్టరుకి సీసా బహూకరించినట్టుంది.

సరే, అసలు మాటకొస్తాను. డొంకతిరుగుడు నాకు రాదు. సోమవారం నాడు ఈ ఛైర్మన్ గారు తమ కంపెనీ కొత్త విమానానికి ఏ రెక్క పెట్టాలో తేల్చి సంతకం చేస్తారు. నున్నటి అంచుదా, నా అలల అంచుదా? మన సంస్థ వారికి ఇచ్చిన సలహా ఏమిటంటే, రెండింటికీ తేడా లేదు కాబట్టి చవకైన నున్నటిదే పెట్టుకోండి అని. నాకు ఈ సాయంత్రం కావలసింది ఒక్కటి. ఆ సంతకం పడకముందు, ఒక్కసారి, ఒకే ఒక్కసారి, ప్రొపెల్లర్ని తిప్పి దాని వెనకాల నా రెక్కని పెట్టి చప్పుడు ఎంతో వినండి. పూలగుత్తి వద్దు, గాజు రెక్క వద్దు, ఇది చాలు. ఇది ఎనిమిదేళ్ళుగా అడుగుతున్నాను. ఇవాళ సాయంత్రం గేటు దగ్గర నా కార్డు తీసేసుకుంటే రేపటినుంచి అడగడానికి లోపలికి కూడా రాలేను, అందుకని మైకు చేతిలో ఉన్నప్పుడే అడుగుతున్నాను.

ఇక్కడ ఇంజినీర్లు కానివాళ్ళు కూడా ఉన్నారు, మా వియ్యాలవారున్నారు, పక్కింటివాళ్ళున్నారు. వాళ్ళకి రెండు ముక్కల్లో చెబుతాను, ఇంజినీర్లు కాసేపు ఫోన్లు చూసుకోండి, ఎలాగూ చూస్తూనే ఉన్నారు. గాలి ప్రశాంతంగా వచ్చి రెక్కకి తగిలితే ముందంచు దగ్గర పెద్దగా చప్పుడుండదు. గాలి చిలికినట్టు, సుడులు సుడులుగా వచ్చి తగిలిందా, ఆ సుడి రెక్క అంచుకి ఈ చివరనుంచి ఆ చివరదాకా ఒక్కసారే కొట్టుకుంటుంది, హోరుమని మోత. ఒక తరగతిలో నలభైమంది పిల్లలు పలకలు ఒకేసారి బల్లమీద పడేస్తే ఎలా ఉంటుంది? అదే ఒకడి తర్వాత ఒకడు పెడితే? అంచుని అలలుగా చేస్తే జరిగేది ఆ రెండోది. ముందుకొచ్చిన చోట సుడి ముందు తగులుతుంది, లోపలికెళ్ళిన చోట కాస్త ఆగి తగులుతుంది, అన్నీ కలిసి ఒక్క గొంతుతో అరవవు. ఇంతే. ఇందులో బ్రహ్మవిద్య ఏమీ లేదు. మా అత్తగారికి వంటింట్లో నిలబడి చెబితే "దీనికి పన్నెండేళ్ళెందుకే?" అన్నారు.

మంచి ప్రశ్న. పన్నెండేళ్ళెందుకంటే, మన సంస్థ గొప్పతనం వల్ల.

మన విండ్ టన్నెల్ గురించి బయటివాళ్ళకి తెలియదు. మేడంత గొట్టం, ఒక చివర పెద్ద ఫ్యాను, మధ్యలో రెక్కని నిలబెట్టి గాలి వదులుతాం. మా టన్నెల్ గాలి అంత నున్నటి గాలి ఎక్కడా లేదని మాకు మహా గర్వం. ఆ గాలిలో సుడి అనేది పుట్టకుండా వరసగా జల్లెడలు కట్టాం. ప్రతి నెలా ఆ జల్లెడల్ని విప్పి, కడిగి, ఆరబెట్టి, మళ్ళీ కడతాం. చెప్పులు విప్పి లోపలికి వెళ్ళాలి. తుమ్మొస్తే బయటికొచ్చి తుమ్మాలి. టన్నెల్ నడిపే మా తమ్ముడు ఇక్కడే ఉన్నాడు, తుఫాను అని పిలుస్తాం, ఆ పేరు పెట్టింది ఫ్యాను తిప్పుతాడని కాదు, నిద్రలో ఆ స్థాయిలో గురక పెడతాడని. (నవ్వులు) ఏరా తమ్ముడూ, అబద్ధమా? ఒకరోజు టీ గ్లాసుతో లోపలికి వెళ్ళాడని వారం రోజులు సంజాయిషీ చెప్పించారు. టీ ఆవిరి గాలిని పాడు చేస్తుందట.

అంత పవిత్రమైన గాలిలో నా అలల రెక్కని పెట్టారు. పక్కన నున్నటి రెక్కని పెట్టారు. రెండింటి చప్పుడూ కొలిచారు. తేడా లేదన్నారు. నిజమే, ఉండదు! వాన లేని రోజు గొడుగు వేసుకున్నవాడూ తడవలేదు, వేసుకోనివాడూ తడవలేదు, కాబట్టి గొడుగు దండగ అని రాసినట్టు రాశారు. సుడిగాలికి మందు కనిపెడితే, సుడి లేని చోట పెట్టి చూసి, మందు పనిచెయ్యలేదని తేల్చిన ఘనత ప్రపంచంలో మనకే దక్కింది. అది రాసినవాళ్ళు తెలివితక్కువవాళ్ళు కాదు, అదే నా బాధ. పెద్ద చదువులు చదివారు. నాకు లెక్కలు నేర్పించగలరు. కానీ ఈ ఇంట్లో ఒక ఆచారం ఉంది. గాలి శుభ్రంగా ఉండాలి, అంతే. ఎందుకు ఉండాలి, ఏ రెక్కకి ఉండాలి అని అడిగితే అపచారం.

నేను అడిగాను. "సార్, రెక్కకి ముందు నాలుగు కర్రలు అడ్డంగా నిలబెడతాను, గాలి కాస్త చెదురుతుంది, అప్పుడు కొలుద్దాం" అన్నాను. అప్పట్లో ఇప్పటి డైరెక్టరు గారే రెక్కల విభాగం పెద్ద. వారి మొహం చూడాలి. నేనేదో వారి పూజగదిలోకి గేదెని తోలుకొస్తానన్నట్టు చూశారు. "మన గాలిలో కర్రలా? ఎంత ఖర్చు పెట్టి శుభ్రం చేశామమ్మా ఈ గాలిని!" అన్నారు. "శుభ్రం చేశారు సార్, కానీ విమానం ఎగిరే గాలిని ఎవరూ కడగరు కదా" అన్నాను. "నువ్వు మరీ ఎక్కువ ఆలోచిస్తున్నావు" అన్నారు. ఆ రోజునుంచే నా రెక్కకి దువ్వెన అని పేరొచ్చింది. నేను వసారాలో నడుస్తుంటే వెనకనుంచి "దువ్వెన వస్తోంది, జుట్టు సర్దుకోండి" అనేవారు. జుట్టు లేనివాళ్ళే ఎక్కువగా అనేవారు. (నవ్వులు. మొదటి వరసలో ఒకాయన తల తడుముకుంటారు.) మిమ్మల్నే అన్నాను, పర్వాలేదు, తడుముకోండి.

అలా అన్నందుకు నాకు బాధ లేదని చెప్పను. మర్యాదకి అలా చెప్పాలని తెలుసు. చాలా బాధపడ్డాను. ఇంటికెళ్ళి ఏడ్చాను కూడా.

సరే, కర్రలు వద్దన్నారు. ఇంకో దారి ఉంది కదా. ఛైర్మన్ గారూ, మీ విమానానికి ప్రొపెల్లర్ ఎక్కడుంటుంది? రెక్కకి ముందు. మీరు డబ్బు పెట్టి చేయించినదే, మీకు తెలుసు. అది తిరుగుతూ గాలిని చిలికి చిలికి నేరుగా రెక్క అంచు మీదకే విసురుతుంది. ఇక కర్రలెందుకు? ప్రొపెల్లర్నే తిప్పుదాం, వెనకాల రెక్క పెడదాం, విమానంలో ఎలా ఉంటుందో అలాగే. ఎంత సులువు! మన భవనంలో కింద అంతస్తులో రెక్కలు, పై అంతస్తులో ప్రొపెల్లర్లు. మధ్యలో పద్దెనిమిది మెట్లు.

ఆ మెట్లెక్కి వెళ్ళాను. ప్రొపెల్లర్ అన్నయ్యగారు ఇక్కడే ఉన్నారు కాబట్టి వారి ఎదుటే చెబుతాను, ఇంట్లో మనిషిలా కూర్చోబెట్టి కాఫీ ఇప్పించారు. "తప్పకుండా ఇస్తానమ్మా, మీ విభాగం పెద్దని ఒక్క మాట అడగమను" అన్నారు. దిగొచ్చి ఈ డైరెక్టరు గారికి చెప్పాను. "వాళ్ళని మనం అడగడమేమిటి? రెక్క మనది, మన రెక్కని మనం చూస్తాం. ప్రొపెల్లర్ వాళ్ళది, వాళ్ళు చూసుకుంటారు" అన్నారు. నిజంగానే అలాగే చూశారు. రెక్కని ఒంటరిగా చూసి బాగుందన్నారు. ప్రొపెల్లర్ని ఒంటరిగా చూసి బాగుందన్నారు. అబ్బాయిని వాళ్ళింట్లో చూసి బుద్ధిమంతుడన్నారు, అమ్మాయిని వీళ్ళింట్లో చూసి బుద్ధిమంతురాలన్నారు, కాబట్టి కాపురంలో గొడవలుండవని ముద్ర కొట్టారు.

(నవ్వులు)

ఈ పోలిక నేను ఊరికే చెప్పలేదని మీలో సగం మందికి తెలుసు, అందుకే నవ్వుతున్నారు. తెలియనివాళ్ళకి చెబుతాను. ఆ తర్వాత కొన్నాళ్ళకి డైరెక్టరు గారి అబ్బాయికి ప్రొపెల్లర్ అన్నయ్యగారి అమ్మాయినిచ్చి పెళ్ళి చేశారు. ఇద్దరూ వియ్యంకులయ్యారు. నేనెంత సంబరపడ్డానో! ఇక మెట్ల మధ్య తలుపు తెరుచుకున్నట్టే అనుకున్నాను. పెళ్ళిలో అందరికంటే ఎక్కువ ఫొటోలు దిగింది నేనే. తీరా పెళ్ళి ఫొటోలు వచ్చాక చూస్తే, పెద్ద ఫొటోలో ప్రొపెల్లర్ అన్నయ్యగారి చెవి మాత్రమే పడింది. ఎడమ చెవి. మిగతా మనిషి లేడు. ఫొటోగ్రాఫర్ని కుదిర్చింది డైరెక్టరు గారు. అంతే! ఆ రోజునుంచి ఈ ఇద్దరి మధ్యా మాటల్లేవు. పిల్లలిద్దరూ హాయిగా కాపురం చేసుకుంటున్నారు, మనవరాలు పుట్టింది, అది ఇద్దరి భుజాలూ ఎక్కి దిగుతోంది. పెద్దవాళ్ళు మాత్రం ఒక చెవి కోసం ఏడేళ్ళుగా మూతి బిగించుకు కూర్చున్నారు. అంతకుముందు నాకు రూల్సు అడ్డం, తర్వాత రూల్సూ, అలకా రెండూ అడ్డం.

(డైరెక్టరు గారు ఏదో అనబోతారు.)

సార్, ఒక్క క్షణం, మీ వంతు వస్తుంది. నేనే ఇస్తాను మైకు.

ఈలోగా ఈ కంపెనీది, ఇప్పుడు తిరుగుతున్న విమానం రానే వచ్చింది. నున్నటి రెక్కతో, రెక్క ముందు రెండు ప్రొపెల్లర్లతో. ఆ వేడుకకి మమ్మల్నందరినీ పిలిచారు, చేతుల్లో చిన్న జెండాలు పెట్టారు. అది నేలకి దిగేటప్పుడు చప్పుడు విని నా పక్కనున్నాయన "ఏమిటండీ, ఇంజను పాడైందా?" అన్నాడు. ఇంజను బాగానే ఉంది. చిలికిన గాలి వెళ్ళి నున్నటి అంచుకి కొట్టుకుంటోంది. "ఇది పరీక్షలో రాలేదే" అని మన పెద్దలు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. ఎలా వస్తుంది? పరీక్షకి దాన్ని పిలిచారా?

ఇప్పుడు చెప్పబోయేది నవ్వుకునే మాట కాదు. మా ఆయన తల అడ్డంగా ఊపుతున్నారు, చెప్పొద్దని. చెబుతాను.

ఆ విమానం దిగే దారి కింద ఒక చిన్నపిల్లల బడి ఉంది. మా అమ్మాయి అందులో టీచరు. చిన్నప్పటినుంచీ దానికి కథలు చెప్పడం పిచ్చి. మూడేళ్ళప్పుడు బొమ్మల్ని గోడకి ఆనించి వరసగా కూర్చోబెట్టి వాటికి చెప్పేది. పెద్దయ్యాక అదే ఉద్యోగమైంది. విమానం మొదలయ్యాక ఏమైందంటే, అది వచ్చినప్పుడల్లా పాఠం ఆగిపోయేది. పిల్లలకి వినపడాలని ఇది గొంతు పెంచేది. మళ్ళీ వచ్చేది, మళ్ళీ పెంచేది. పొద్దున్నుంచి సాయంత్రందాకా అరుపే. మధ్యాహ్నం నాకు ఫోన్ చేసేది, మాట మధ్యలో ఆపి, "ఉండమ్మా, మీ విమానం వస్తోంది" అనేది. అది వెళ్ళేదాకా ఇద్దరం ఫోన్లు చెవికి పెట్టుకుని ఊరుకునేవాళ్ళం. మీ విమానం అనేది. ఎత్తిపొడుపు కాదు, మా అమ్మ ఆఫీసు విమానం అని మామూలుగా అనేది. నాకు మాత్రం ముల్లులా గుచ్చుకునేది.

రెండేళ్ళకి గొంతు బొంగురుపోయింది. జలుబనుకున్నాం. మిరియాల పాలు తాగమన్నాను, తల్లిని కదా, అంతకంటే తెలివి ఎక్కడనుంచి వస్తుంది. పోయినేడు డాక్టరు చూసి గొంతులో కాయలు కాశాయన్నాడు. అరిచి అరిచి కాశాయట. ఆపరేషన్ చేశారు. కాయలు పోయాయి, గొంతు మాత్రం తిరిగి రాలేదు. ఇప్పుడు గుసగుసగా మాట్లాడుతుంది, పక్కన కూర్చుంటేనే వినపడుతుంది. బడివాళ్ళు మంచివాళ్ళు, ఉద్యోగం తియ్యలేదు, లైబ్రరీలో కూర్చోబెట్టారు. పుస్తకాలకి అట్టలు వేస్తుంది. పిల్లలొచ్చి "టీచర్, కథ చెప్పండి" అంటే పుస్తకం తెరిచి బొమ్మ చూపిస్తుంది.

(ఎవరో నీళ్ళ గ్లాసు అందిస్తారు.)

క్షమించండి. నీళ్ళు వద్దు, బాగానే ఉన్నాను.

విమానం ఒక్కటే కారణమా అని మీరు అడగొచ్చు. ఇంజినీర్లు కదా, అడుగుతారు. నేనూ ఇంజినీర్నే, నూటికి నూరుపాళ్ళూ అదేనని రుజువు చెయ్యలేను. కానీ ఆ దారి కింద ఇళ్ళున్నాయి, బడుంది, ఆ ఇళ్ళలో పసిపిల్లలున్నారు. ఇప్పుడు రాబోయే కొత్త విమానం ఇంతకంటే పెద్దది, రోజుకి ఇంకా ఎక్కువసార్లు తిరుగుతుంది. దానికీ నున్నటి రెక్కేనట. ఎందుకంటే తేడా లేదు కాబట్టి. ఎక్కడ లేదు? తుఫాను టీ గ్లాసు కూడా పట్టుకెళ్ళకూడని ఆ గాలిలో లేదు.

నా రెక్క తప్పే కావచ్చు. ప్రొపెల్లర్ వెనక పెట్టి చూశాక నిజంగానే తేడా లేదని తేలితే, ఇంటికెళ్ళి మా అత్తగారికి చెబుతాను, మీ కోడలు పన్నెండేళ్ళు దండగ చేసిందని. ఆవిడ ఎలాగూ అదే అంటున్నారు. కానీ చూడకుండా లేదంటే ఒప్పుకోను. ఇవాళ్టితో జీతం ఆగిపోతుంది గానీ నోరు ఆగదు.

ఛైర్మన్ గారూ, మీరు కళ్ళు తెరిచారు, సంతోషం.

(ఛైర్మన్ గారు ముందుకి వంగి ఏదో అడుగుతారు.)

వెనక వినపడలేదా? వారు అడిగింది నేను చెబుతాను. "ఇంతవరకూ ఈ రెండింటినీ కలిపి ఒక్కసారి కూడా పరీక్షించలేదా?" అని అడుగుతున్నారు. లేదండీ. ఒక్కసారి కూడా లేదు. మీరు చేశారనుకున్నారా? అనుకుంటారు లెండి, బుద్ధున్న ఎవరైనా అలాగే అనుకుంటారు. డైరెక్టరు గారూ, వారు మీ వైపే చూస్తున్నారు.

(డైరెక్టరు గారు కూర్చునే జవాబిస్తారు.)

"అవి వేరు వేరు విభాగాలండీ" అంటున్నారు. విన్నారా? విమానం గాలిలో ఉండగా ఎవరైనా దాని చెవిలో చెప్పాలి, నీ ప్రొపెల్లర్ది ఒక విభాగం, రెక్కది ఒక విభాగం, ఒకదాని గాలి ఇంకొకదానికి తగలనివ్వకు అని.

(ఛైర్మన్ గారు లేచి నిలబడి మాట్లాడతారు.)

అందరికీ వినపడింది కదా? వినపడనివాళ్ళ కోసం మళ్ళీ చెబుతాను, రేపు ఎవరూ మాట మార్చకుండా. "రెండూ కలిపి తిప్పి, నా చెవులతో నేను వినేదాకా సంతకం పెట్టను. శనివారం వస్తాను" అన్నారు. అయ్యా, మీకు దణ్ణం. ఇందాక మీ నిద్ర గురించి అన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను.

మరి ప్రొపెల్లర్? అన్నయ్యగారూ, శనివారానికి మీ ప్రొపెల్లర్ ఇస్తారా?

(ప్రొపెల్లర్ విభాగం పెద్దాయన కిటికీ వైపు చూస్తూ జవాబిస్తారు.)

"ఆయన అడిగితే ఇస్తాను." ఇదీ వారి మాట. ఎనిమిదేళ్ళ కిందట కాఫీ ఇచ్చి చెప్పిన మాటే, అక్షరం మారలేదు. సార్, ఇదిగో మైకు. మీ వంతు వస్తుందన్నాను కదా.

(మైకు డైరెక్టరు గారికి ఇస్తారు. డైరెక్టరు గారు "ప్రొపెల్లర్ విభాగం వారు తగిన సహకారం అందించవలసిందిగా..." అని మొదలుపెడతారు. పెద్దాయన కిటికీ వైపే చూస్తూ ఉంటారు.)

విభాగాన్ని కాదు సార్, మనిషిని అడగండి. అరుగో, అక్కడే ఉన్నారు. ఇద్దరూ ఒకే మనవరాలికి తాతలు.

(డైరెక్టరు గారు పెద్దాయన వైపు తిరుగుతారు. "బావగారూ, శనివారం ఒక్కరోజు మీ ప్రొపెల్లర్ ఇప్పించండి" అంటారు. పెద్దాయన తిరిగి చూస్తారు. "దానికేం బావగారూ, తీసుకెళ్ళండి" అంటారు. హాలంతా చప్పట్లు. కొందరు లేచి నిలబడతారు.)

ఆపండి. దయచేసి ఆపండి, చప్పట్లు కొట్టకండి.

ఎంతసేపు పట్టింది ఆ మాటకి? మీరే చూశారు. ఒక మనిషి ఒక మాట అడిగాడు, ఇంకో మనిషి సరేనన్నాడు. ఖర్చు లేదు, లెక్కలు లేవు, టన్నెల్ కడిగే పని కూడా లేదు. ఈ ఒక్క మాట ఎనిమిదేళ్ళ కిందట నేను మెట్లు దిగొచ్చి అడిగిన రోజే అనుంటే, ఇవాళ మా అమ్మాయి లైబ్రరీలో అట్టలు వేస్తూ ఉండేది కాదేమో. దానికి మీరు చప్పట్లు కొడుతున్నారు. ఇప్పుడు మా అమ్మాయి నాతో ఏదో అంటోంది, పెదవులు కదులుతున్నాయి, ఈ చప్పట్లలో నాకు వినపడలేదు.

సంస్థకు, పెద్దలకు, శనివారం వస్తానన్న ఛైర్మన్ గారికి ధన్యవాదాలు. నేను కిందకి దిగి, దాని పక్కన కూర్చుని, ఏమందో అడుగుతాను. సెలవు.